రెండు బొమ్మల మధ్య నడిచే కథ

ఒక గడిలో మామిడి చెట్టు. దాని కింద ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. చేతిలో రాయి, చూపు కొమ్మ చివరనున్న కాయ మీద. పక్క గడిలో ప్రహరీ గోడకు అవతల ఒక అవ్వ. నెత్తిన కుండ, కుండకు చిల్లు, మొహం మీదుగా కారుతున్న నీళ్లు.

ఈ రెండు బొమ్మలు చూస్తే మీకేం తోస్తుంది? గురి తప్పింది, రాయి గోడ దాటి వెళ్లి కుండకు తగిలింది. అంతే కదూ? కాని రాయి ఎగరడం ఏ బొమ్మలోనూ లేదే! దాన్ని ఎగరేసింది మీ మెదడు. రెండు గడుల మధ్యనున్న ఆ సన్నని తెల్లని జాగాలో కథ నడిచిపోయింది.

మన మెదడుకు ఇటువంటి పని కొత్తేమీ కాదు. మీరు ఈ వాక్యం చదువుతున్నప్పుడు కూడా మీ కళ్లు అక్షరాల మీద నున్నగా జారడం లేదు. సెకనుకు మూడు నాలుగు సార్లు ఆగుతూ, మధ్యలో గెంతుతూ పోతున్నాయి. గెంతే సమయంలో మనకు దాదాపు ఏమీ కనపడదు. అయినా ఎక్కడా తెగినట్టు అనిపించదు. ముక్కలను అతికి ఒకటిగా చూపడంలో మెదడుకు అంత నేర్పు ఉంది. బొమ్మల కథ ఈ నేర్పునే వాడుకుంటుంది. స్కాట్ మెక్‌క్లౌడ్ అనే అమెరికన్ చిత్రకారుడు 1993లో ఈ విషయం మీద ఒక పుస్తకమే వేశాడు, అదీ బొమ్మల కథగానే!

కాబట్టి బొమ్మల కథ రాసే మనిషికి మొదటి చిక్కు ఏం రాయాలి అన్నది కాదు, ఏం వదిలేయాలి అన్నది. అన్నీ చూపితే విసుగు. మరీ ఎక్కువ వదిలేస్తే అయోమయం.

రచయిత అంటే బుడగల్లో మాటలు రాసే మనిషే అని చాలామంది అనుకుంటారు. నిజానికి బొమ్మ గీయకముందే అతని పని మొదలవుతుంది. ప్రతి గడిలో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, ఏం అంటున్నారు అని చిత్రకారుడికి కాగితం మీద రాసి ఇస్తాడు. ఇలాగన్నమాట:

"మూడో గడి: వంటిల్లు. రాత్రి. రాము తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. రాము: ఎవరది?"

ఇందులో ఒక్క పనే ఉంది, చూశారా? కొత్తగా రాసేవాళ్లు "రాము మంచం మీంచి లేచి, లాంతరు వెలిగించి, వెళ్లి తలుపు తీశాడు" అని రాసేస్తారు. కథల పుస్తకంలో అది మంచి వాక్యమే. పాపం, చిత్రకారుడు ఏది గీయాలి? లేవడమా, వెలిగించడమా, తీయడమా? కదలని బొమ్మలో ఒక మనిషి ఒక పనే చేయగలడు.

ఇంకో సంగతి. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం. కనుక ముందు మాట్లాడేవాణ్ణి ఎడమ వైపు నిలబెట్టాలి. లేకపోతే జవాబు ముందూ ప్రశ్న వెనకా వస్తాయి. జపాను బొమ్మల కథల్లో చదవడం కుడి నుంచి ఎడమకు సాగుతుంది, కాబట్టి అక్కడ వరస తిరగబడుతుంది.

అందరూ ఒకే పద్ధతిలో రాయరు. 1960లలో అమెరికాలో స్టాన్ లీ చాలా కథలకు క్లుప్తంగా సారాంశం మాత్రం చెప్పేవాడు. జాక్ కిర్బీ వంటి చిత్రకారులు దాన్ని గడులుగా విడగొట్టి గీశాక, బొమ్మలు చూసి మాటలు రాసేవాడు. అలాంటి కథల్లో సగం రచన చిత్రకారుడిదే అంటే తప్పేమీ లేదు.

రాసేదీ గీసేదీ ఒకరే అయితే? బెల్జియం దేశస్థుడు ఎర్జే అటువంటివాడు. అతని టిన్‌టిన్ చంద్రమండల యాత్ర 1950 నుంచి ఒక వారపత్రికలో వచ్చి, 1953, 1954లలో రెండు పుస్తకాలుగా వెలువడింది. నిజంగా మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో! ఎర్జే రాకెట్ల గురించి చదివాడు, తెలిసినవాళ్లను అడిగాడు, విడదీసి చూడగల రాకెట్ నమూనా ఒకటి చేయించాడు. లోపలి మెట్లూ గదులూ ఏ బొమ్మలోనూ తారుమారు కాకూడదని.

అతనికో చిక్కు వచ్చింది. భారరహిత స్థితిని పాఠకులకు తెలియజెప్పాలి. ప్రొఫెసర్ చేత పాఠం చెప్పించవచ్చు. అలా చేయలేదు. రాకెట్‌లో ఒక తెలివితక్కువ మనిషి పొరపాటున ఇంజను ఆపేస్తాడు. అంతవరకూ ఇంజను తోపుడు వల్ల నేల మీద నిలిచిన కాళ్లు పైకి లేస్తాయి. కెప్టెన్ హాడక్ తాగబోతున్న మద్యం గ్లాసులోంచి బయటికి వచ్చి గుండ్రని బంతిలా గాలిలో తేలుతుంది. అతను దాని వెంట పడతాడు. మీరు నవ్వుతారు. నవ్వుతూనే, బరువు తోచనప్పుడు ద్రవాన్ని తలతన్యత గోళంగా చేస్తుందని కళ్లారా చూస్తారు.

అదే ఎర్జే మొదటి పుస్తకంలో అణుశక్తి కేంద్రాన్ని చూపే పుటల్లో మాత్రం బుడగలు బొమ్మల మీదికి ఎక్కేశాయని నా అభిప్రాయం. చదవచ్చు, కాని చూడటానికి ఏం మిగలదు.

ఇక మీరు ప్రయత్నించండి. తెల్ల కాగితాన్ని మడిచి ఆరు గడులు చేయండి. ఐసు ముక్కలు వేసిన గ్లాసు బయట నీటి చుక్కలు ఎక్కడినుంచి వచ్చాయి? దీన్ని కథగా చెప్పాలి. గ్లాసుకు చిల్లుందని కొట్టువాడితో పోట్లాడే మనిషిని పెట్టుకోవచ్చు. ఒక బుడగలో రెండు వరసల కన్నా మాటలు రాయకండి. గాలిలోని కంటికి కనబడని నీటి ఆవిరిని ఎలా చూపుతారో మీ ఇష్టం. అసలు కష్టం అక్కడే ఉంది.

అయ్యాక స్నేహితుడి చేతికి ఇచ్చి మీరు నోరు మెదపకుండా కూర్చోండి. చదువుతూ చదువుతూ అతను వెనక్కి వెళ్లి ముందు గడిని మళ్లీ చూశాడా? అక్కడ మీరు వదిలేసిన గడి ఒకటి ఉంది. దాన్ని గీసి, ఇంకో స్నేహితుడికి ఇవ్వండి.