కృత్రిమ మేధ నిర్ణయాలు – డేటా పరిరక్షణ సంస్థల దృక్పథం

ఈ పాఠం చదివిన తరువాత మీరు: (అ) నియమ పరిశీలనకూ యంత్రం వేసే అంచనాకూ తేడా చెప్పగలుగుతారు, (ఆ) నియంత్రణ సంస్థలు అడిగే ప్రశ్నలను వివరించగలుగుతారు, (ఇ) మన చట్టంలో పౌరునికి ఉన్న రక్షణనూ, లేని రక్షణనూ గుర్తించగలుగుతారు.

1. పరిచయం

కృత్రిమ మేధ అనగానే చాలామందికి చాట్‌బాట్లు గుర్తుకు వస్తాయి. డేటా పరిరక్షణ సంస్థలు మాత్రం ఏ యంత్రాన్నయినా నాలుగు ప్రశ్నలతో పరీక్షిస్తాయి. ఎవరి సమాచారం వాడారు? ఏ చట్టబద్ధమైన ఆధారంతో వాడారు? ఆ సమాచారం సరైనదేనా? నిర్ణయం తప్పయితే ఎవరికి చెప్పుకోవాలి? ఈ ప్రశ్నలను మనకు బాగా తెలిసిన రేషన్ కార్డు విషయంలో వేసి చూద్దాం.

2. నియమ పరిశీలన, అంచనా

ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలంలోని ఒక తండాలో ఒక కుటుంబం రేషన్ కార్డు కోరిందనుకోండి. ఆ కుటుంబం నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు వాడుతోందా, కారు ఉందా, ఆదాయపు పన్ను కడుతోందా అని రికార్డులలో సరిచూస్తారు. ముందే రాసిపెట్టిన నియమంతో రికార్డును పోల్చడమే ఇక్కడ జరిగేది. తప్పు దొర్లినా ఎక్కడ దొర్లిందో పట్టుకోవచ్చు.

రెండు జాబితాలకు ఉమ్మడి సంఖ్య లేనప్పుడు సమస్య మొదలవుతుంది. రేషన్ జాబితాలో ‘బి. రాములు’ ఉన్నాడు, వాహనాల జాబితాలోనూ ‘బి. రాములు’ ఉన్నాడు. ఒకరు భూక్యా రాములు, మరొకరు బాణావతు రాములు కావచ్చు. పేరు, తండ్రి పేరు, చిరునామా పోల్చి ఇద్దరూ ఒకరే అయ్యే అవకాశం ఎంతో యంత్రం లెక్కగడుతుంది. ఇది అంచనా. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు పలువురికి ఉండే ఊళ్లలో అంచనా తప్పితే కారు లేనివాడు కారు యజమాని అవుతాడు.

3. తెలంగాణ అనుభవం

తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ పేరుతో వివిధ శాఖల రికార్డులను ఇలా జోడించే వ్యవస్థను రూపొందించి, రేషన్ అర్హుల పరిశీలనలో ఉపయోగించింది. నోటీసు ఇవ్వకుండా, ఇంటికి వచ్చి విచారించకుండా, కంప్యూటర్ లెక్కల ఆధారంగానే కార్డులు రద్దు చేశారని సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి తనిఖీ చేయాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అప్పటికి మన దేశంలో డేటా పరిరక్షణ చట్టం లేదు. 

4. ఐరోపా మార్గం

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేలాది కుటుంబాలపై మోసగాళ్లన్న ముద్ర పడింది. ఆ వివాదంలో 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. దరఖాస్తుదారుల జాతీయతను ప్రమాద సూచికగా వాడడం చట్టవిరుద్ధమని తేల్చి, అక్కడి డేటా పరిరక్షణ సంస్థ అదే ఏడాది డిసెంబరులో పన్నుల శాఖకు 27.5 లక్షల యూరోల జరిమానా విధించింది. అంటే నియంత్రణ సంస్థ సాటి ప్రభుత్వ శాఖనే శిక్షించింది.

2018లో అమలులోకి వచ్చిన ఐరోపా డేటా చట్టం 22వ అధికరణం ప్రకారం, వ్యక్తిపై తీవ్ర ప్రభావం చూపే నిర్ణయాన్ని సాధారణంగా యంత్రానికే పూర్తిగా వదిలివేయరాదు. మినహాయింపులు ఉన్నా, పౌరునికి రక్షణలు కల్పించి తీరాలి. ఇటలీ సంస్థ 2023 మార్చి చివర చాట్‌జీపీటీని తాత్కాలికంగా నిలిపివేసినప్పుడు అడిగినదీ మన రెండవ ప్రశ్నే: శిక్షణకు వాడిన వ్యక్తిగత సమాచారానికి చట్టబద్ధమైన ఆధారం ఏది?

5. మన చట్టం

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అప్పటి నుండి 18 నెలలకు అమలులోకి వచ్చేలా ఏర్పాటు చేశారు. సెక్షన్ 8(3) ప్రకారం, వ్యక్తిపై ప్రభావం చూపే నిర్ణయానికి వాడే సమాచారం సంపూర్ణంగా, ఖచ్చితంగా ఉండేలా చూసే బాధ్యత దానిని వాడే సంస్థదే. మన మూడవ ప్రశ్నకు ఇది సమాధానం.

అయితే ఒక లోటు గమనించండి. సెక్షన్ 7 ప్రకారం రాయితీలు, పథకాల కోసం ప్రభుత్వం కొన్ని సందర్భాలలో సమ్మతి లేకుండానే డేటా వాడవచ్చు. కాని సమాచారం చూపమని అడిగే హక్కు (సెక్షన్ 11), సరిదిద్దమని అడిగే హక్కు (సెక్షన్ 12) సమ్మతితో ఇచ్చిన డేటాకే వర్తిస్తాయి. పైగా ఐరోపాలోని 22వ అధికరణం వంటిది మన చట్టంలో లేదు. కనుక రాములు వంటివారికి సెక్షన్ 8(3) ఒక్కటే గట్టి ఆధారం. దానిని డేటా పరిరక్షణ మండలి ఎలా అమలు చేస్తుందన్న దానిపైనే చట్టం ఫలితం ఆధారపడి ఉంటుంది.

6. సారాంశం

యంత్రం అనుమానాన్ని సూచించవచ్చు; నిర్ణయానికి ముందు నోటీసు, విచారణ తప్పనిసరి కావాలి. మీ ఊరిలో ఎవరి కార్డయినా తొలగిస్తే, ఏ రికార్డు ఆధారంగా తొలగించారో రాతపూర్వకంగా అడగమని చెప్పండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘బి. రాములు’ ఉదాహరణలో జరిగినది నియమ పరిశీలనా, అంచనా? ఎందుకు?
2. సెక్షన్ 8(3), సెక్షన్ 12 మధ్య భేదాన్ని రేషన్ కార్డు ఉదాహరణతో వివరించండి.