సోంపేట కళ్లు, కాల్గరీ డాలర్లు

హౌరా నుంచి చెన్నై వైపు వచ్చే రైలు ఇచ్ఛాపురం దాటాక కాసేపటికి ‘సోంపేట’ అని పసుపు బోర్డు కనిపిస్తుంది. బోర్డును నమ్మి దిగితే అది కంచిలి. సోంపేట అక్కణ్నుంచి సముద్రం వైపు, ఆటో ఎక్కి వెళ్లాల్సిన ఊరు. దారికి అటూ ఇటూ ఉద్దానం తోటలు: కొబ్బరి, జీడిమామిడి, పనస. ఇంకా తూర్పుకు పోతే బారువ. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు అది, ఒకప్పుడు ఓడలాగిన రేవు. 1936 దాకా ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. ఒడిశా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలోకి, 1950లో కొత్తగా ఏర్పడ్డ శ్రీకాకుళంలోకి వచ్చింది. జిల్లాలు మారినా సంతలో తెలుగూ ఒడియా కలిసే వినిపిస్తాయి.

సోంపేట పేరు పత్రికల్లోకి ఎప్పుడూ కష్టకాలంలోనే ఎక్కింది. 2010లో బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద పోలీసు కాల్పులు. 2018లో తిత్లీ తుపాను. ఏడాది పొడుగునా ఉద్దానం కిడ్నీ జబ్బులు. కెనడాలోని కొన్ని ఇళ్లలో మాత్రం ఈ పేరు వేరే కారణంతో తెలుసు. 1963లో కాల్గరీ నగరంలో ఒక విరాళాల సేకరణ మొదలైంది. అది ఇక్కడి ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి కోసం, అందులో పనిచేస్తున్న బాప్టిస్టు మిషనరీ వైద్యుడు బెన్ గల్లిసన్ కోసం. (ఆరోగ్యవరం అనగానే మదనపల్లె క్షయ శానిటోరియం గుర్తొచ్చేవాళ్లకు ఒక మాట: ఇది అది కాదు.)

ఆ డబ్బు కథకు మొదలు 1963 కంటే చాలా వెనక ఉంది. కెనడా తూర్పు తీరంలో చేపలవేట మీద బతికే ఊళ్లు. 1870లో హన్నా మరియా నోరిస్ అనే ఉపాధ్యాయిని విదేశంలో సువార్త పనికి వెళ్తానంది. బాప్టిస్టు మిషను బోర్డు దగ్గర డబ్బు లేదు. ఆవిడ ఊరికే కూర్చోలేదు, ఆడవాళ్లను కూడగట్టింది. ఒక్క వేసవిలో నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ చర్చిల్లో ముప్పైకి పైగా మహిళా సహాయక సంఘాలు లేచాయి. చందా వారానికి కొద్ది సెంట్లు. భర్త జేబులోంచి కాక ఇంటి ఖర్చులోంచి మిగిల్చి ఇచ్చే డబ్బు అది. తర్వాత అక్కడి నుంచి బయల్దేరిన మిషనరీలు వెళ్లింది సయాం దేశపు కరెన్ జాతి దగ్గరికి. తీరా చూస్తే అక్కడ కరెన్లు వాళ్లు అనుకున్నంత మంది లేరు. 1875లో ఆ బృందం తెలుగు దేశపు ఉత్తర కొసకు మళ్లింది. అంతకు ముందు ఏడాదే కాకినాడలో కెనడా బాప్టిస్టుల పని మొదలై ఉంది. శ్రీకాకుళం, బొబ్బిలి, భీమునిపట్నం, టెక్కలి, సోంపేటల మిషను కాంపౌండ్లు ఒక రకంగా ఆ దారితప్పిన ప్రయాణం పుణ్యమే.

మిషనరీకి కొన్నేళ్లకోసారి ‘ఫర్లో’ వచ్చేది. ఏడాది సెలవు అంటారు గానీ అందులో విశ్రాంతి తక్కువ. ఆదివారం ఒక చర్చి, బుధవారం ఒక మహిళా సంఘం. స్లైడు ప్రొజెక్టరు, వెనకాల తెల్ల దుప్పటి, మందులకూ మంచాలకూ ఎంత కావాలో లెక్క. వృద్ధ మహిళలు పాత దుప్పట్లు చింపి, చుట్టి, కట్ల గుడ్డలుగా ఓడలకెక్కించేవాళ్లు. ఇంత చేసినా ఏ సంఘానికైనా ఒక దశలో చెయ్యి బిగుస్తుంది. బడి కట్టారు, సరే. బోధకుడికి జీతం ఇచ్చారు, సరే. ఇంకా ఎన్నేళ్లు? దీనికి జవాబు చెప్పడం కష్టం.

కంటి వైద్యం మాత్రం ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చింది. శుక్లం పండిన ముసలామె చేతికర్ర పట్టుకుని, మనవడు ముందు నడుస్తుంటే వస్తుంది. శస్త్రచికిత్స కొద్ది నిమిషాలు. కొన్నాళ్లకు కట్టు విప్పితే ఎదుట నిలబడ్డ మనిషి మొహం చూస్తుంది. ఇంత డబ్బుకు ఇంత ఫలితం అని ఇంకే జబ్బులోనూ ఇంత ఖండితంగా చెప్పలేరు. ‘ఒక ఆపరేషన్‌కు ఇంత’ అనగానే ఇచ్చేవాడికి తన డబ్బు ఎటు పోతుందో కనిపిస్తుంది. కాల్గరీ చమురు, పశువుల వ్యాపారంతో ఎదిగిన నగరం. అక్కడివాళ్లకు ధరలు తెలుసు, లెక్క తెలుసు. ఆర్ట్ జెన్‌కిన్స్ అనే వ్యాపారి గల్లిసన్ మాటకు కదిలి, తనలాంటి మిత్రుల్ని పోగేశాడు. అలా పుట్టిందే ఆపరేషన్ ఐసైట్. తర్వాత పేరుకు ‘యూనివర్సల్’ తోడైంది. చర్చి పళ్లెంలో పడే కానుకకూ వ్యాపారి రాసే చెక్కుకూ తేడా ఉంది. చెక్కు రాసినవాడు మరుసటి ఏడు ఎన్ని కళ్లు తెరుచుకున్నాయని అడుగుతాడు. నా దృష్టిలో గల్లిసన్ నేర్పు ఇక్కడే ఉంది. ఆ ప్రశ్నకు ఏటా జవాబు చెప్పగలిగే పనిని ఎదుట పెట్టాడు.

ఆనాటి శిబిరాలను చూసినవాళ్లు తీరాంధ్ర అంతటా ఇంకా ఉన్నారు. బడికి సెలవిచ్చి తరగతి గదులే వార్డులు చేసేవాళ్లు. నేల మీద వరస చాపలు. రోగి తల కదలకుండా చెవులకిరువైపులా ఇసుక సంచులు. రెండు కళ్లకూ కట్టు కట్టి రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు. అప్పటి పద్ధతిలో కంటి కటకాన్ని సంచితో సహా తీసేసేవారు కాబట్టి గాయం పెద్దది, దగ్గినా తుమ్మినా ప్రమాదమే. పక్కనే కోడలో కూతురో గంజి తాగిస్తూ ఉండేది. ‘పొర ఇంకా పండలేదమ్మా, వచ్చే ఏడాది రా’ అని వెనక్కి పంపడం కూడా మామూలే. వెనక్కి పోయిన ముసలామెకు ఆ ఏడాది పూర్తి చీకటి. ఈలోగా సంతలో సూదితో పొరను కిందికి నెట్టేసే నాటువైద్యుడు ఎదురైతే ఆ కన్ను పోయినట్టే.

కట్టు విప్పాక చేతికిచ్చేది మందపాటి అద్దాల జోడు. జనం వాటిని సోడాబుడ్డి కళ్లద్దాలనేవాళ్లు. దాంట్లోంచి చూస్తే మెట్టు ఉన్నచోట కాక ఇంకోచోట కనిపిస్తుంది. అలవాటయ్యేదాకా గుమ్మం దాటడానికీ గోడ పట్టుకోవాలి. ఆ జోడు పగిలినా, పొలంలో పడిపోయినా మనిషి మళ్లీ గుడ్డివాడే. దాత లెక్క ఆపరేషన్ దగ్గర ఆగిపోయేది. జోడు పగిలితే ఎవరు కొనిస్తారన్నది ఏ పద్దులోకీ ఎక్కలేదు. ‘ఒక కంటికి ఇంత’ అనే లెక్కకు ఎంత బలముందో అంత గుడ్డితనమూ ఉంది.

కంట్లోనే కటకం అమర్చవచ్చని లండన్‌లో హరాల్డ్ రిడ్లీ 1949లోనే చూపించాడు. అది మన పల్లెలకు చేరడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1992లో మదురైలో అరోల్యాబ్ తక్కువ ధరకు కటకాలు తయారుచెయ్యడం మొదలుపెట్టాక, 1994లో ప్రపంచబ్యాంకు సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో శుక్లాల ప్రాజెక్టు వచ్చాక, సోడాబుడ్డి అద్దాలు నెమ్మదిగా అటకెక్కాయి. ఇసుక సంచులూ పోయాయి. ఇప్పుడు పొద్దున వచ్చిన మనిషి సాయంత్రానికి ఇంటికి పోతున్నాడు.

పద్ధతి మారేసరికి డబ్బు అడిగే తీరూ మారింది. సోంపేటతో మొదలైన కెనడా సంస్థ నేపాల్, కెన్యా, జాంబియా, ఘనా దాకా వెళ్లింది. ఆపరేషన్ల సంఖ్యకు డబ్బు పంపడం మీదే ఆధారపడకుండా ఆసుపత్రుల్ని వాటి కాళ్ల మీద నిలబెట్టడం వైపు మొగ్గింది. చెల్లించగలిగిన రోగి దగ్గర తీసుకోవడం, లేనివాడికి ఉచితంగా చెయ్యడం, ఊళ్లలో ఇంటింటికీ తిరిగి కళ్లు చూసే కార్యకర్తల్ని తయారుచెయ్యడం. పేరులో మతం లేదు, ఇప్పుడు చెప్పుకునేదీ అభివృద్ధి సంస్థ అనే. దీని భారత కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి క్యాన్సర్ విభాగం దీని పేరు మీదే నడుస్తోంది. రెటినోబ్లాస్టోమాతో పసిపిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు ఆ పేరు కింద నిలబడి టోకెన్ కోసం ఎదురుచూస్తుంటారు. ఆ పేరు వెనక శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరుందని వాళ్లకు తెలియాల్సిన అవసరమూ లేదు.

మిషను ఆసుపత్రులంటే ‘వైద్యం ఎర, మతం గాలం’ అన్న విమర్శ పాతదే. దాన్ని కొట్టిపారెయ్యలేం. చాలాచోట్ల వార్డులో ప్రార్థన తప్పనిసరి తంతుగా నడిచింది. దాతల ముందు ‘చీకటిలో ఉన్న జనం’ అని మాట్లాడిన కాలమూ ఉంది. చూపు పోయిన మనిషి ఫోటోను పెద్దది చేసి చూపించి జాలి పిండడం మిషనరీలతోనే పోలేదు, ఇవాళ్టి సంస్థల కరపత్రాల్లోనూ ఉంది. అయితే 1976లో ప్రభుత్వం అంధత్వ నివారణ కార్యక్రమం పెట్టడానికి పదమూడేళ్ల ముందే బరంపురం దిక్కు నుంచి, ఏజెన్సీ కొండల దిక్కు నుంచి వచ్చే రైతు కూలీలకు కళ్లు చూసే చోటు ఉండడం చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో ఇంకో దిక్కు ఎక్కడిది?

విదేశీ డబ్బు దారి ఇప్పుడు ఇరుకైంది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత అలాంటి విరాళమేదైనా మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ఒక సంస్థ అందుకున్నది ఇంకో సంస్థకు పంచడానికి వీల్లేదు. నిర్వహణ ఖర్చులు ఐదో వంతు దాటకూడదు. పెద్ద సంస్థలు తట్టుకుంటాయి. ఒక డాక్టరు, నలుగురు సిస్టర్లతో నడిచే పల్లె ఆసుపత్రికి ఆ కాగితాల పనే ఒక ఉద్యోగం. స్థానికంగా ఇచ్చే చేతులు లేకపోలేదు. కోత పండుగ నాడు చర్చి ముందు కోళ్లు, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు వేలం వేస్తారు. పది రూపాయల గుమ్మడికాయను వందకు పాడి, మళ్లీ వేలానికే ఇచ్చేసే పెద్దలుంటారు. అయితే ఆ డబ్బు చర్చి పైకప్పుకు పోయినంత సులువుగా ఊరి ఆసుపత్రికి పోదు. పోవాలని ఎవరైనా గట్టిగా అడిగిందీ తక్కువే.

శుక్లాలకు దాతల్ని ఒప్పించడం ఒక రకంగా తేలిక. మధుమేహం రెటీనాను తినేస్తుంటే, నీటికాసులు నరాన్ని నలిపేస్తుంటే చేసే వైద్యం పోయిన చూపును తేలేదు, ఉన్నదాన్ని నిలబెడుతుంది, అంతే. ‘అంతకు ముందు, ఆ తర్వాత’ అని రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టే వీల్లేదు. రోగి ఏటా రావాలి, లేజరు చేయించుకోవాలి, చుక్కల మందు చచ్చేదాకా వేసుకోవాలి. ఉద్దానంలో కిడ్నీ వైద్యానికే అప్పులు చేస్తున్న ఇంట్లో కంటి చుక్కల మందు ఖర్చు అన్నిటికంటే వెనక ఉంటుంది. దీనికి డబ్బు అడగబోయేవాడు దాత ముందు ఏ లెక్క పెట్టాలో కాల్గరీలోనూ సోంపేటలోనూ ఇంకా తేలలేదు.