కళాశాల పేరు – మనిషి విలువ

క్రొత్తగా పరిచయమైన యువకుని మన పెద్దలు పూర్వము "ఎవరి అబ్బాయివి నాయనా?" అని అడిగెడివారు. ఇప్పుడు "ఏ కాలేజీ బాబూ?" అని అడుగుచున్నారు. ప్రశ్న మారినది కాని, దాని వెనుకనున్న కోరిక మారలేదు. ఎదుటివానిని నెమ్మదిగా తెలిసికొనుటకు ఓపిక చాలనప్పుడు, ఒక్క మాటతో అతని స్థానమును నిర్ణయింపవలెనన్న కోరిక అది. కళాశాల పేరునకు ఇంత బరువెట్లు వచ్చినది? అందులో గట్టి గింజ ఎంత, పొల్లు ఎంత? ఈ ప్రసంగములో విచారింతము.

ఈ విచారమునకు హైదరాబాదులో నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ పేటలు తగిన చోట్లు. ఒకదాని నొకటి అంటియున్న ఈ మూడు పేటలలో ఇంటర్మీడియట్ కళాశాలలు, హాస్టళ్ళు, కోచింగ్ కేంద్రములు, పోటీ పరీక్షల పుస్తకముల అంగళ్ళు, జిరాక్సు దుకాణములు, నగర కేంద్ర గ్రంథాలయము అన్నియు కలవు. పదునారేండ్ల బాలుడు ర్యాంకు కొరకును, ముప్పదియేండ్ల పట్టభద్రుడు ఉద్యోగము కొరకును ఒకే వీథిలో నడచుచుందురు.

ఈ పేటలకే చెందిన ఒక పాత వృత్తాంతము మన విషయమునకు మంచి వెలుగు నిచ్చును. మాడపాటి హనుమంతరావుగారును వారి మిత్రులును 1928లో స్థాపించిన ఆంధ్ర బాలికల పాఠశాల నారాయణగూడలో పెరిగి పెద్దదైనది. అందు బోధన తెలుగులో జరిగెడిది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉర్దూ బోధనభాష. అందుచేత ఇక్కడి ఉన్నత తరగతులకు అచటి గుర్తింపు లభింపలేదు. అప్పుడు పాఠశాలవారు మహర్షి కార్వే 1916లో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించుకొని, తమ బాలికలను ఆ పరీక్షలకు పంపిరి. ఆ బాలికల చదువు అదే, ఉపాధ్యాయులు వారే. ఒక చోట చెల్లని చదువు మరియొక చోట చెల్లినది. గుర్తింపు వేరు, విద్య వేరు అని ఇంతకంటె తేటగా చెప్పు దృష్టాంతము అరుదు.

నగరములోని పట్టముల స్థితియు ఇట్టిదే. 1887లో ఏర్పడిన నిజాం కళాశాల 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండి, ఇంగ్లీషులో బోధించినది. 1918లో ఏర్పడిన ఉస్మానియా ఉర్దూలో బోధించినది. ఒకే ఊరిలో రెండు తెరగుల పట్టభద్రులు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుండి బహిష్కృతులైన విద్యార్థులలో పలువురిని నాగపూరు విశ్వవిద్యాలయము చేర్చుకొన్నది. రైలు దిగునంతలో వారి తెలివి పెరుగలేదు, తరుగలేదు. మారినది తలుపు తెరచినవారి మనస్సు మాత్రమే.

మరి పేరునకు పట్టు ఎక్కడిది? అర్థశాస్త్రవేత్త మైఖేల్ స్పెన్స్ 1973లో దీనికొక సమాధానము చెప్పెను. ఉద్యోగ మిచ్చువానికి అభ్యర్థి సామర్థ్యము కంటికి కనబడదు. కష్టపడి సంపాదింపవలసిన ఒక గుర్తును చూచి, లోపల సరకున్నదని ఊహించుకొనును. పట్టము అట్టి గుర్తు. ఈ విధమైన పరిశోధనలకు ఆయన 2001లో నోబెల్ బహుమానమును మరి యిద్దరితో పంచుకొనెను. రెండవ కారణము మన మనస్సులోనే యున్నది. సైన్యములో అధికారులు తమ క్రిందివారికి వేసిన మార్కులను పరిశీలించి, మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లో ఒక సంగతి వెల్లడించెను. ఒక్క గుణము నచ్చినచో, సంబంధము లేని ఇతర గుణములకును ఎక్కువ మార్కులు పడుచున్నవి. పెద్ద కళాశాల పేరు వినగానే ఆ యువకుడు బుద్ధిమంతుడేకాక నమ్మదగినవాడు, మర్యాదస్థుడు అని కూడ మనము అనుకొనుట ఇట్టిదే. పెండ్లి సంబంధములు చూచువారు ఈ మాట గమనింపదగును.

పేరులో నిజమేమియు లేదనుటయు న్యాయము కాదు. మంచి అధ్యాపకులు, ప్రయోగశాలలు, తోడి విద్యార్థుల సాంగత్యము – ఇవి నిజమైన లాభములే. కాని పంట బాగున్నప్పుడు అది నేల గొప్పయా, విత్తనము గొప్పయా అని విడదీసి చూడవలెను. అమెరికాలో డేల్, క్రూగర్ అను ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో అట్లే చేసిరి. పేరుమోసిన కళాశాలలో సీటు వచ్చియు, అంత పేరులేని చోట చేరినవారి సంపాదన, అచటనే చేరినవారి సంపాదనతో ఇంచుమించు సమానముగా నుండెను. అయితే బీదకుటుంబముల పిల్లలకు మాత్రము పెద్ద కళాశాల మేలు చేసినది. ఇంటిలో అండలేనివానికి కళాశాల అండయగును. కనుక బీద విద్యార్థి మంచి సీటు కొరకు తాపత్రయపడుట వృథా కాదు.

గుర్తు పొరబడినచో ఏమగునో యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము చెప్పును. 1895లో భీమవరమున పుట్టిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివెను. ఖద్దరు ధరించుటచే శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తిపడవలసివచ్చెను. ఆ కాగితమును బట్టి తూచినవారికి ఆయన రెండవ తరగతి వైద్యుడు. తరువాత అమెరికాలో ఫిస్కేతో కలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిన వాడును, లెడర్లీ సంస్థలో ఆరియోమైసిన్, మెథోట్రెక్సేట్ వంటి ఔషధములకు దారితీసిన పరిశోధనలకు నాయకత్వము వహించిన వాడును ఆయనయే.

ఇక అశోక్‌నగర్ వైపు చూతము. సివిల్ సర్వీసు పరీక్షకు గుర్తింపుగల ఏ విశ్వవిద్యాలయపు పట్టమైనను చాలును. చిక్కడపల్లి గ్రంథాలయములో మధ్యాహ్నపు డబ్బా ప్రక్కన పెట్టుకొని చదువువారిని ఏ కళాశాలనుండి వచ్చితిరని ఆ బల్ల అడుగదు. అయితే ఇచట మరియొక తూనిక పుట్టినది: "ఇంకను రాలేదా?" అనునది. 2022 అక్టోబరులో జరిగిన తెలంగాణ గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రములు బయటికి పొక్కుటచే 2023 మార్చిలో రద్దయినది. జూన్‌లో తిరిగి జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసినది. రెండు పర్యాయములు చక్కగా వ్రాసినవాడును ఊరిలో బంధువుల లెక్కలో "ఏమీ కానివాడు"గానే మిగిలెను.

ఈ తూనిక ఎంత దూరము పోగలదో 2019 ఏప్రిల్ నెల చూపినది. తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో పొరపాట్లు దొర్లినవని తరువాత తేలినది. సున్న వచ్చినదన్న ఒక విద్యార్థినికి నిజముగా వచ్చినవి 99 మార్కులు. తూచు త్రాసే తప్పినప్పుడు తూగిన వస్తువును నిందించుట ఎట్లు? త్రాసు తప్పకపోయినను, అది తూచునది ఒక పరీక్షను మాత్రమే, ఒక బిడ్డను కాదు.

ఆకాశవాణి సంగీత పరీక్షలో గాయకుని గొంతు మాత్రము న్యాయనిర్ణేతల చెవిని పడునట్లు ఏర్పాటు కలదు. తెలిసికొనవలసిన గుణమునే నేరుగా పరీక్షించుట దాని మర్మము. గృహములలోను దీనిని పాటింపవచ్చును. ఇంటికి వచ్చిన యువతీయువకులను "ఏ కాలేజీ?" అని ఆపివేయక, "ఏమి చదువుచున్నావు? అందులో నీకు నచ్చినదేది? ఏమి చేయగలవు?" అని అడుగుదము. సమాధానము కొంచెము పొడవుగా నుండును. వినుటకు ఓపిక కావలెను. రేడియో ముందు కూర్చుండి మాట వినుట అలవాటైన మన కుటుంబములకు ఆ ఓపిక క్రొత్తది కాదు. ఫలితములు వెలువడిన దినమున మార్కులు అడుగుటకు ముందు "భోజనము చేసితివా?" అని పిల్లవానిని అడిగిన ఇంటిలో, ఆ పిల్లవాని విలువ ఏ కళాశాల పేరుపైనను ఆధారపడియుండదు.