పొలం గట్టున సెలవులు: తొలిసారి వెళ్లే కుటుంబాలు తెలుసుకోవలసినవి

పుణె: సెలవులు వచ్చాయంటే కొండ విడిదికో, సముద్ర తీరానికో ప్రయాణం కట్టడం ఆనవాయితీగా గల పుణె, ముంబయి నగరాల మధ్య తరగతి కుటుంబాలలో కొన్ని గత రెండు దశాబ్దాలుగా రైతు ఇంటి ముంగిట దిగుతున్నాయి. ఒకటి రెండు రోజులు పొలంలో గడిపి, రైతు కుటుంబం వండిన భోజనం చేసి, అందుకు నిర్ణీత రుసుము చెల్లించి తిరిగి వెళ్లే ఈ పద్ధతికి వ్యవసాయ పర్యాటకమని పేరు. మహారాష్ట్రలో వేళ్లూనుకున్న ఈ వ్యాపకం క్రమంగా ఇతర రాష్ట్రాలకూ విస్తరిస్తోంది.

అయితే తొలిసారి వెళ్లే కుటుంబాలలో పలువురు హోటలు సౌకర్యాలను ఊహించుకుని వెళ్లి నిరుత్సాహపడటం కద్దు. మరి కొందరు పల్లెటూరే కదా అన్న ధీమాతో తగిన జాగ్రత్తలు లేకుండా బయలుదేరి ఇబ్బందులు కొనితెచ్చుకుంటారు. అతిథి అసంతృప్తితో వెళితే నష్టపోయేది పెద్ద హోటలు సంస్థ కాదు, నాలుగైదు ఎకరాల రైతు. కనుక అక్కడ లభించేదేమిటో, లభించనిదేమిటో ముందుగా తెలుసుకోవడం ఉభయులకూ మేలు.

అమెరికా నుంచి బారామతి వరకు

సేద్యాన్నీ, పశుపోషణనూ అతిథులకు చూపి ఆదాయం పొందడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని డకోటా ప్రాంతంలో పశువుల క్షేత్రం నడిపిన ఈటన్ సోదరులు 1880 దశకంలోనే తూర్పు నగరాల నుంచి వచ్చే మిత్రుల వద్ద భోజన వసతులకు రుసుము తీసుకోవడం ప్రారంభించారు. 1904లో వారు వయోమింగ్‌కు తరలి వెళ్లారు. నగరవాసులు గుర్రపు స్వారీకి, పశువుల కాపరుల జీవితం చవిచూడటానికి వెళ్లే ఇటువంటి విడుదులకు ‘డ్యూడ్ రాంచ్’లని పేరు వచ్చింది. వాటి యజమానులు 1926లో సంఘంగా ఏర్పడ్డారు. ఇటలీ ప్రభుత్వం 1985లో వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక చట్టమే చేసింది.

మన దేశంలో ఈ రంగానికి బాట వేసిన వారిలో పాండురంగ్ తావరే ప్రముఖులు. ఆయన 2005లో వ్యవసాయ పర్యాటక అభివృద్ధి సంస్థను నెలకొల్పి, పుణె జిల్లా బారామతి ప్రాంతంలో తొలి ప్రయోగం చేపట్టారు. పడమటి కనుమలకు తూర్పున వర్షచ్ఛాయలో ఉన్న ఈ ప్రాంతంలో వానలు తక్కువ. పంట ఒక్కదానిపైనే ఆధారపడిన రైతుకు మరో ఆదాయం చేకూర్చడమే ఈ ప్రయోగం ఉద్దేశం. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో వ్యవసాయ పర్యాటక విధానాన్ని ఆమోదించి, కేంద్రాల నమోదుకు వీలు కల్పించింది. నమోదు పత్రం ఆధారంగా రైతులు బ్యాంకు రుణాలు కోరవచ్చు.

దినచర్య ఎలా ఉంటుంది?

ఈ విడుదులు రెండు విధాలు. ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవి ఒక విధం కాగా, రాత్రి బస ఉండేవి రెండవ విధం. రుసుము సాధారణంగా తలకు ఇంత అని ఉంటుంది. అల్పాహారం, మధ్యాహ్న భోజనం, సాయంత్రం తేనీరు అందులోనే కలిసి ఉంటాయి. చిన్న పిల్లలకు తగ్గింపు ఉంటుంది.

కొన్ని కేంద్రాలలో అతిథులకు బొట్టు పెట్టి, మగవారి తలపై తెల్ల టోపీ ఉంచి స్వాగతం చెబుతారు. అనంతరం రైతు తానే వెంట నడిచి పొలం చూపిస్తాడు. విత్తనం నాటింది మొదలు బిందు సేద్యపు గొట్టాల వరకు వివరిస్తాడు. ఎడ్లబండి ప్రయాణం, ట్రాక్టరుపై షికారు, పాలు పితకడం, మేకపిల్లలకు మేత వేయడం పిల్లలను ఎక్కువగా ఆకర్షిస్తాయి. తెల్లవారుజామున పాలు పితకడం చూసే అవకాశం రాత్రి బస చేసిన వారికే ఉంటుంది. పశువులు అలవాటు లేని మనుషుల చేతికి లొంగవు. కనుక ప్రతి బిడ్డా పాలు పితకగలడని ఆశించరాదు.

భోజనం స్థానికమైనదే. కట్టెల పొయ్యిపై కాల్చిన జొన్న లేక సజ్జ రొట్టె, శనగపిండితో చేసే పిఠ్‌లా, గుత్తివంకాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లి కలిపి దంచిన ఠేచా ప్రధానమైనవి. కారం తినలేని పసిపిల్లలకు పప్పన్నమో, పెరుగన్నమో కావాలంటే ముందు రోజే చెప్పడం మంచిది. అనేక చోట్ల శాకాహారం మాత్రమే లభిస్తుంది.

ఋతువును బట్టి అనుభవం

పొలం విడిదికి ఏడాది పొడవునా ఒకే రూపం ఉండదు. వానాకాలంలో మావళ్, కొంకణ్ ప్రాంతాలలో వరినాట్లు సాగుతుంటాయి. బురదలో దిగి నాటు వేయాలన్న సరదా తీరేది అప్పుడే. డిసెంబరు, జనవరి నెలలలో రబీ జొన్న పాలు పోసుకుని గింజ కట్టే వేళ ‘హుర్డా’ విందులు జరుగుతాయి. లేత కంకులను పిడకల నిప్పులపై కాల్చి, అరచేతుల్లో నలిపి, వెల్లుల్లి పొడితోనో బెల్లంతోనో వేడివేడిగా తింటారు. తెలుగు పల్లెల ఊచబియ్యాన్ని ఎరిగిన వారికి ఈ రుచి కొత్త కాదు.

చెరకు ఆడే శీతకాలంలో కొల్హాపూర్, సతారా జిల్లాలలో బెల్లం తయారీ చూడవచ్చు. జనవరి నుంచి మార్చి వరకు నాసిక్‌లో ద్రాక్ష కోతలు, చలికాలంలో మహాబలేశ్వర్ వద్ద స్ట్రాబెరీ తోటలు, ఏప్రిల్, మే నెలలలో రత్నగిరి, సింధుదుర్గ్ జిల్లాలలో మామిడి తోటలు సందర్శకులను ఆకర్షిస్తాయి. చెట్టు నుంచి కోసిన పండు ఉచితమని భావించరాదు. సాధారణంగా తూకం వేసి వెల కడతారు. మెరక ప్రాంతాలలో వేసవిలో నీటి ఎద్దడి ఉంటుంది. స్నానానికి బకెట్టు నీరే ఇచ్చిన రైతును నిందించడం తగదు.

వసతిలో నిరాడంబరత

గదులు శుభ్రంగా, సాదాగా ఉంటాయి. శీతలీకరణ యంత్రం, ఈత కొలను, రాత్రి పదింటికి ఫోను చేస్తే గదికి వచ్చే భోజనం ఆశించరాదు. కరెంటు పోవచ్చు. మొబైల్ సంకేతాలు అందకపోవచ్చు. టార్చిలైటు, దోమల నివారణ మందు, కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు, పొడుగు చేతుల నూలు దుస్తులు, టోపీ, నిత్యం వాడే మందులు వెంట ఉండాలి.

పేరులో మాత్రమే ‘వ్యవసాయం’ ఉన్న విడుదులూ లేకపోలేదు. కృత్రిమ వాన కింద నృత్యాలు, పెద్ద శబ్దంతో సంగీతం ఏర్పాటు చేసి, పక్కన నాలుగు మొక్కలు పెంచి అదే పొలమని చూపే చోట్లకు వెళితే ఖర్చే గాని ప్రయోజనం ఉండదు.

పిల్లల భద్రత ముఖ్యం

పొలం ఆటస్థలం కాదన్న సంగతిని తల్లిదండ్రులు ముందుగా గుర్తించాలి. పిట్టగోడ లేని బావులు, విద్యుత్ మోటార్లు, పురుగు మందుల డబ్బాలు, చెరకు ఆడే యంత్రాలు, కాగుతున్న బెల్లం పెనాలు ప్రమాదకరం. మహారాష్ట్రలో విరివిగా తవ్విన పొలం కుంటలకు ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. దానిపై కాలు జారిన వారు పట్టు దొరకక పైకి రాలేరు. ఈత వచ్చిన పెద్దలకు కూడా ఈ ముప్పు తప్పదు. కుంట చుట్టూ కంచె ఉన్నదీ లేనిదీ చూడకుండా పిల్లలను వదలరాదు.

పుణె జిల్లా జున్నర్ ప్రాంతపు చెరకు తోటలలో చిరుతపులుల సంచారం ఉన్నందున చీకటి పడిన తరువాత ఒంటరిగా బయటికి వెళ్లరాదు. పాము కాటుకు మందు లభించే ఆసుపత్రి ఎంత దూరంలో ఉన్నదో ముందే తెలుసుకోవడం అవసరం.

ముందుగా అడగవలసిన ప్రశ్నలు

గది ఖాయం చేసుకునే ముందు ఫోనులో కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి. పొలం ఎవరిది, యజమాని అక్కడే నివసిస్తున్నారా, ప్రస్తుతం చేనులో ఏ పంట ఉంది, వంట ఎవరు చేస్తారు, ఆ రోజు ఎంత మంది అతిథులు వస్తున్నారు, కేంద్రం ప్రభుత్వం వద్ద నమోదైనదా అన్నవి ముఖ్యం. ‘ఇప్పుడు ఏ పంట ఉంది’ అన్న ప్రశ్నకు నిజమైన రైతు తడుముకోకుండా జవాబు చెబుతాడు. మద్యపానానికి అనుమతి ఉన్నదీ లేనిదీ కూడా కుటుంబాలు విచారించుకోవాలి.

హైదరాబాద్ నుంచి వెళ్లగోరే వారికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని షోలాపూర్ తొలి మజిలీ కాగలదు. నేత పనికై తరతరాల క్రితం వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ అధికంగా ఉన్నందున భాష సమస్య అంతగా ఉండదు. షోలాపూర్–పుణె రైలు మార్గంలోని దౌండ్ జంక్షన్ నుంచి బారామతికి శాఖా మార్గం ఉంది.

రైతుకు ఒనగూరేది

దళారీ ప్రమేయం లేకుండా కూరగాయలు, పప్పులు, బెల్లం, పండ్లు అతిథులకే నేరుగా అమ్ముకోవడం రైతుకు కలిగే మొదటి లాభం. వంటకు, శుభ్రతకు గ్రామ స్త్రీలకు పని దొరుకుతుంది. నగరానికి వలస వెళ్లదలచిన రైతు బిడ్డకు ఊరిలోనే ఉపాధి కనిపిస్తుంది. వ్యవసాయాదాయానికి ఉన్న ఆదాయపు పన్ను మినహాయింపు మాత్రం అతిథుల గదుల అద్దెకు వర్తించదు.

నష్టభయమూ లేకపోలేదు. గదులు కట్టడానికి అప్పు చేసిన రైతులకు 2020లో కరోనా లాక్‌డౌన్ పెద్ద దెబ్బ. మామూలు రోజులలో సైతం చివరి ఘడియలో ప్రయాణం మానుకునే అతిథి వల్ల వండిన వంట, పిలిపించిన కూలీ వృథా అవుతాయి. అందువల్లనే పలు కేంద్రాలు ముందస్తు సొమ్ము కోరుతున్నాయి. అతిథుల రాబడి పెరిగిన కొద్దీ సేద్యాన్ని పక్కన పెట్టి పొలాన్ని వినోద స్థలంగా మార్చే ధోరణి మరొక ప్రమాదం. పంట పోతే చూడటానికి వచ్చే వారూ ఉండరు.

కేంద్ర పర్యాటక శాఖ 2022లో గ్రామీణ పర్యాటకానికి జాతీయ వ్యూహాన్ని ప్రకటించింది. తెలంగాణలోని భూదాన్ పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ ఆకర్షణ మగ్గం, బారామతిలో నాగలి. రెండు చోట్లా వచ్చిన సొమ్ము ఊరిలోనే ఉండిపోతేనే ఈ వ్యాపకం నిలుస్తుంది. అందుకు తోడ్పడదలచిన కుటుంబాలు తొలి ప్రయాణానికి ఒక రాత్రి బసతో సరిపెట్టుకుని, రద్దీగా ఉండే ఆదివారం కాక మామూలు రోజున వెళ్లడం మేలు. రైతుకు తీరిక ఉంటుంది, పిల్లల ప్రశ్నలకు జవాబులూ దొరుకుతాయి.