అట్టముక్క కళ్ళజోడు

గ్రహణము పట్టుననగా మసిబట్టిన గాజుపెంకుకై ఇల్లెల్ల వెదకిన బాల్యము మనలో పలువురకు జ్ఞాపకముండకపోదు. గాజుపెంకు దొరకనివారికి పాత ఎక్స్‌రే ఫిల్ము. అదియు లేనివారికి పళ్ళెములో పసుపునీరు. వీనిలో ఏదియు నమ్మదగినది కాదు. మసిగాజు వెలుగును తగ్గించినట్లే తోచును గాని, కంటికగపడని వేడికిరణములు దానిగుండ లోనికి పోవచ్చును. నేత్రపటలమునకు నొప్పి తెలియదు. కాలిన సంగతి కొన్ని గంటల పిమ్మట, చూపు మసకబారినప్పుడు గాని బయటపడదు.

అమెరికాలో మెంఫిస్ నగరమునకు చేరువనున్న బార్ట్‌లెట్ పట్టణమున అమెరికన్ పేపర్ ఆప్టిక్స్ అను సంస్థ కలదు. దాని సరకు చూడబోయిన ఆటవస్తువులే: ఒక కంటికి ఎరుపు, మరొక కంటికి నీలము తగిలించిన సినిమా కళ్ళజోళ్ళు, దీపమువంక చూచినచో చుట్టును ఇంద్రధనుస్సులు విరియించు సన్నగీతల పొరలు. (కళ్ళజోడు పెట్టుకొని సినిమా చూచు సరదా మనకు ‘చిన్నారి చేతన’ నాటిది.) ఆ అట్టచట్రములోనే నల్లనిపొర నతికించినచో గ్రహణపు జోడగును. 2015లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి, లక్షపాళ్ళ వెలుగులో ఆ పొర లోనికి విడువదగినది మూడుపాళ్ళకు కొంచె మెక్కువ మాత్రమే. దానిని ధరించినవారికి గదిలోని వస్తువు లేవియు కానరావు. సూర్యుడొక్కడే చిన్న బిళ్ళవలె కానవచ్చును.

ఈ వ్యాపారము విచిత్రమైనది. గిరాకి ముహూర్తమును పంచాంగమే నిర్ణయించును. మరునాటికి సరకునకు విలువ లేదు. 2017 ఆగస్టు 21 నాటి గ్రహణమునకు అమెరికాలో కోట్లకొలది జోళ్ళు పంచబడెను. ఆ తొందరలోనే మోసము ప్రవేశించెను. ప్రమాణపు గుర్తును ఎవరైనను అట్టపై అచ్చువేయవచ్చును గదా! పేరుగల సంస్థల పేర్లను సైతము నకలుగాండ్రు వాడుకొనిరి. గుర్తు చూచి కొనుడని మొదట చెప్పిన ఖగోళశాస్త్రజ్ఞులే, గుర్తు చాలదు, తయారుచేసినవా రెవరో కనుగొనుడని జాబితాలు ప్రకటింపవలసివచ్చెను. అమెజాన్ సంస్థ అనుమానపు సరకునకు సొమ్ము వాపసు చేసెను. ఆ దెబ్బలో మంచి సరకు నమ్మినవారును చిక్కుకొనిరి. బంగారమునకు గీటురాయి గలదు. అగపడని కిరణమును అడ్డగించు పొరకు ఇంట పరీక్ష యేది? కొన్నవాడు తన బిడ్డ కంటికి దానిని తగిలించునది కేవలము నమ్మకముతోనే. రూపాయలలో చూచిన అతిచవుకయైన ఈ వస్తువుపై ఇంత భారము మోపుట నాకు వింతగానే తోచును.

గ్రహణానంతరము ఒక స్వచ్ఛంద సంఘము వాడిన జోళ్ళను ప్రోగుచేసి, 2019 జూలై 2 నాటి గ్రహణము చూడనున్న దక్షిణ అమెరికా పాఠశాలలకై దాచెను.

సూర్యుడు పూర్తిగా మరుగుపడిన ఆ రెండు మూడు నిమిషములు మాత్రమే జోడు తీసి చూడవచ్చును. 2017లో గాని, 2024 ఏప్రిల్ 8న గాని సంపూర్ణగ్రహణపు ఛాయ బార్ట్‌లెట్‌పై పడలేదు. ఇంచుక దూరమున పోయెను. అంత సరకు చేసిన ఆ యూరివారికి, తమ వాకిట నిలుచుండి కళ్ళజోడు తీయు అవకాశము రెండుసార్లును కలుగలేదు.