కాలేయంలో కొవ్వు, గుండెకు ముప్పు: మధ్యలో నిద్ర

కాలేయం బరువులో ఐదు శాతానికి మించి కొవ్వు చేరిన స్థితిని వైద్యులు ఫ్యాటీ లివర్ అంటారు. ఇది మద్యం ముట్టనివారికీ వస్తుంది. ఊబకాయం, మధుమేహం, అధిక రక్తపోటు, రక్తంలో కొవ్వుల తేడా వంటి జీవక్రియా లోపాలతో దీనికి గల సంబంధం స్పష్టపడినందువల్ల, 2023లో అంతర్జాతీయ కాలేయ వైద్య సంఘాలు ఆ సంబంధాన్ని సూచించేలా వ్యాధి పేరునే మార్చాయి. స్కానింగ్ నివేదికలో ఫ్యాటీ లివర్ అన్న మాట కనిపించగానే చాలామంది కాలేయం గట్టిపడి పనిచేయకుండా పోయే సిరోసిస్ గురించి భయపడతారు. అయితే ఈ వ్యాధి ఉన్నవారి మరణాలకు అన్నిటికంటే ఎక్కువగా కారణమవుతున్నవి గుండె, రక్తనాళాల జబ్బులే.

రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపే ఇన్సులిన్ హార్మోను ఉన్నా శరీరం దానికి సరిగా స్పందించకపోవడాన్ని ఇన్సులిన్ నిరోధకత అంటారు. ఫ్యాటీ లివర్‌తో పాటు తరచుగా కనిపించే ఈ స్థితిలో, కొవ్వు పట్టిన కాలేయం చక్కెరను, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులను అవసరానికి మించి రక్తంలోకి వదులుతుంది; మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, శరీరమంతటా సన్నని మంటలా సాగే వాపు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, అక్కడ కొవ్వు పేరుకొని గుండెకు రక్తం అందించే ధమనులు క్రమంగా ఇరుకవుతాయి.

నిద్రలేమి కూడా సరిగ్గా ఈ దారిలోనే హాని చేస్తుంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులైన 11 మంది యువకులను ఆరు రాత్రుల పాటు నాలుగు గంటలే పడుకోనిచ్చి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, అంత కొద్దికాలంలోనే వారి శరీరం చక్కెరను అదుపు చేసుకునే శక్తి తగ్గిందని తేలింది. నిద్ర తగ్గితే ఆకలి పెంచే హార్మోను పెరిగి, కడుపు నిండిందని తెలిపే హార్మోను తగ్గుతుందని తరువాతి పరిశోధనలు సూచించాయి. ఆరోగ్యవంతులలో రాత్రివేళ పది నుంచి ఇరవై శాతం వరకు తగ్గవలసిన రక్తపోటు నిద్ర చాలనప్పుడు తగినంతగా దిగదు కనుక, గుండెకు ప్రతిరాత్రీ దక్కవలసిన విరామం దక్కకుండా పోతుంది.

దాదాపు 4.75 లక్షల మందిని పరిశీలించిన అధ్యయనాలను క్రోడీకరించి 2011లో వెలువడిన సమీక్ష ప్రకారం, తక్కువ నిద్రపోయేవారిలో గుండె ధమనుల జబ్బు ముప్పు 48 శాతం, మరీ ఎక్కువసేపు నిద్రపోయేవారిలో 38 శాతం అధికంగా కనిపించింది. అధిక నిద్ర చాలాసార్లు అంతర్లీనంగా ఉన్న మరో అనారోగ్యానికి గుర్తు కావచ్చు. పైగా ఇటువంటి పరిశీలనలు సంబంధాన్ని చూపగలవే కాని కారణాన్ని నిర్ధారించలేవు. అయినా కాలేయంలో కొవ్వు వల్ల ఇప్పటికే ముప్పు పెరిగి ఉన్నవారు నిద్రను నిర్లక్ష్యం చేయడం, అదే భారాన్ని మరో వైపు నుంచి పెంచుకోవడమే.

నిద్రలో గంటల లెక్కతో పాటు నాణ్యతా ముఖ్యమే. పెద్దగా గురక పెట్టేవారిలో గొంతు మార్గం మూసుకుపోయి శ్వాస పదేపదే ఆగిపోవడాన్ని స్లీప్ ఆప్నియా అంటారు; ఆక్సిజన్ పడిపోవడం, మళ్ళీ పెరగడం రాత్రంతా సాగితే అది కాలేయాన్నీ రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది కాబట్టి, ఎనిమిది గంటలు పడుకున్నా పగలంతా కునికిపాట్లు పడేవారికి పరీక్ష అవసరం.

తెలుగు నేల మీద ఈ విషయం దూరపుది కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరిశీలించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉన్నట్టు వెల్లడైంది. గంటల తరబడి కూర్చోవడం, పని ఒత్తిడి, రాత్రి షిఫ్టులు, అర్ధరాత్రి భోజనాలు కలిసిన జీవితంలో నిద్రే ముందుగా కోత పడుతున్నది.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో నిద్రను గుండె ఆరోగ్యానికి మూలమైన ఎనిమిది అంశాల్లో ఒకటిగా చేర్చి, పెద్దలకు రోజుకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర అవసరమని పేర్కొన్నది. ఆహార నియమం, వ్యాయామం, బరువు తగ్గింపు ఫ్యాటీ లివర్ చికిత్సకు పునాదులు. నిద్ర వాటికి ప్రత్యామ్నాయం కాదు కాని, అది లోపిస్తే ఆ మూడూ నిలవడం కష్టం. కనుక ఫ్యాటీ లివర్ ఉందని తెలిసినవారు రక్తపోటు, చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవడంతో పాటు తమ నిద్ర గంటలనూ గురకనూ వైద్యునికి తప్పక చెప్పాలి, అడగని వైద్యునికైనా సరే.