వేగం కంప్యూటరుది, బిల్లు ఇంటిది!

కంప్యూటరుకు మెదడు వంటిది ప్రాసెసరు. కంపెనీవారు నిర్ణయించిన వేగాన్ని మించి దాన్ని పరుగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. ఇదేమీ కొత్త విద్య కాదు. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏను 300 మెగాహెర్ట్జ్ ధరకు కొని 450కి నడిపించినవారు ఎందరో! చవక సరుకుతో ఖరీదైన పని జరుగుతున్నదని వారి సంబరం.

చిక్కంతా కరెంటు దగ్గరే. వేగం ఒక్కటే పెరిగితే వాడకం దాదాపు ఆ మేరకే పెరుగుతుంది. కాని పరుగులో చిప్పు తడబడకుండా ఉండాలంటే తరచు వోల్టేజీ కూడా పెంచవలసి వస్తుంది. రెండూ పదేసి శాతం పెంచితే ప్రాసెసరు వాడకం సుమారు 33 శాతం పెరుగుతుంది. అదంతా వేడిగా మారేదే. మన ఎండాకాలంలో ఫ్యాను గోల చెప్పనక్కరలేదు.

ఈ తేడా కొలవడానికి ఇంటి మీటరే చాలు. ఫ్రిజ్జు, ఇన్వర్టరుతో సహా అన్నీ ఆపి, కంప్యూటరుకు బరువైన పని అప్పగించి, మీటరుపై మెరిసే ఎర్రదీపాన్ని 6 నిమిషాలు లెక్కపెట్టాలి. మీటరుపై యూనిట్‌కు 3200 అని ఉంటే, 64 మెరుపులకు 200 వాట్లు. వేగం పెంచాక 96 మెరిస్తే 300 వాట్లు. మానిటరు వాడకమూ అందులోనే ఉంటుంది గనుక తేడానే చూసుకోవాలి. ఆ 100 వాట్లు రోజుకు 5 గంటల చొప్పున నెలకు 15 యూనిట్లు.

ఎక్కువ వోల్టేజీతో చిప్పుకే ముప్పు. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని మితిమీరిన వోల్టేజీతో దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ కంపెనీయే ఒప్పుకుని, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. కొందరైతే ఇప్పుడు వోల్టేజీని కొద్దిగా తగ్గించి, అదే వేగాన్ని తక్కువ కరెంటుతో రాబడుతున్నారు.